ఎర్రట్ట నవలల ఊదా గీతలు

ఆ రోజుల్ల నా గొంతు ఎట్లుంటదో నాకే యాదికి లేకుండె. పెంచి చెప్తలేను. సిరిసిల్ల దిక్కు నుంచి షోలాపూర్‌కు కొత్తగ కొలువుకు వచ్చిన ఏడాది సంగతి ఇది. కుంఠా నాకా కాడ ఒక టువాలల కార్ఖానాల కంప్యూటర్ మీద డిజైన్లు గీసుడు నా పని. నెమలి, గులాబి, బాతుల జంట, సేటు ఏది అడిగితే అది గళ్లు గళ్లుగ గీసియ్యాలె. కంప్యూటర్ మీద దూది వడొద్దని నన్ను ఒక అద్దాల అర్రల కూసోవెట్టిన్రు. అద్దం అవుతల సాంచాలు (మరమగ్గాలను మేం అట్లనే అంటం) దడదడ కొట్టుకుంటుండేవి. ఆ మోతల మాట వినరాదు గనుక అక్కడి మనుషులు ఏండ్ల సంది చేతులతోని, పెదవులతోని మాట్లాడుకునుడు నేర్చుకున్నరు. చాయ్ తాగుదామా, సేటు వస్తుండు, నీ పోగు తెగింది, అన్నీ సైగలే. నాకు ఆ సైగలు రావు. ఒకనాడు ఒకాయన అద్దం అవుతల నిలబడి, నా దిక్కు చూసి, కడుపు మీద చెయ్యి తిప్పి, నోటి కాడ వేళ్లు పెట్టిండు. పాపం కడుపు నొస్తుందేమో, మందు అడుగుతుండనుకొని నా సంచిల ఉన్న గోళీలు తీస్కపోయి చేతుల పెట్టిన. ఆయన పిలిచింది అన్నం తినడానికి. ఆ గోళీల కత సాంచా నుంచి సాంచాకు సైగల మీదనే పాకింది. నన్ను చూసినోళ్లందరు కడుపు పట్టుకొని నవ్వేటోళ్లు. అద్దంల నుంచి నాకు తెరిచిన నోర్లు కనవడేటియి గని, నవ్వు వినవడకపోయేది.

జోడ్‌భావి పేట్‌ల మిద్దె మీద ఒక రేకుల అర్రల ఉండేటోణ్ని. కింద ఇంటామె మంచిదే గని, ఆమె తెలుగుల సగం మరాఠీ, మరాఠీల సగం ఉర్దూ కలిసి, నా చెవుల వడేసరికి అన్నీ ఉడికి ఒక్క ముద్దయ్యేటియి. మా ఇద్దరి నడుమ నడిచిన మాట ఒక్కటే. నల్లా వచ్చిననాడు మెట్ల కింద నిలబడి ‘పాణీ ఆలం’, నీళ్లొచ్చినయి, అని కేకేసేది. నేను బక్కెట పట్టుకొని ‘ఆలం’ అని బదులు చెప్పేది. ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ, దోస్తులు దొరికిన్రా బిడ్డా అని అడిగేది. మస్తుమంది అనేటోణ్ని. అంతటితోని ఊకుంటే బాగుండు. వాళ్లల్ల ఒకనికి అక్కను పుట్టిచ్చి, ఆ అక్కకు పెండ్లి గూడ చేసిన. చదివింపు ఏం పెట్టినవురా అని అమ్మ అడిగితే, మా కార్ఖానా టువాలలే పెట్టిన అని చెప్పిన. ఆ పెండ్లి భోజనం గురించి అమ్మ అడుగుతుంటే, అర్రల ఒక్కణ్ని నిలబడి వంకాయ కూర, లడ్డూ అని చెప్పుకుంట చెప్పుకుంట నాకు దుఃఖమొచ్చింది. ఇగ చాలు, పండుగ బోనస్ చేతుల వడంగనే మూట గట్టుకొని ఊరికి పోవాలని ఆనాడే అనుకున్న.

అగో, అట్ల ఉన్నప్పుడు ఒక ఆదివారం గల్లీల తిరుగుకుంట పుస్తకాల దుకాన్ చూసిన. అదివరకు అది నూలు అమ్మిన దుకానట, లోపల ఇంకా గంజి వాసన ఉండె. ముంగట బడి పుస్తకాలు, గైడ్లు, పంచాంగాలు. వాటి నడుమ స్టూలు మీద ఒక లావాటి పెద్దాయన. అందరు దుకాన్ కాకా అంటరు. (కాకా అంటే మనకూ వరసే, మరాఠోళ్లకూ వరసే. రెండు భాషలూ కొట్లాడకుండ ఒప్పుకున్న మాట ఆ ఊళ్లె నాకు అదొక్కటే దొరికింది.) తెలుగు పుస్తకాలున్నయా అంటే వెనుకకు చూపిచ్చిండు. నిలువెత్తు అల్మారా. దాంట్ల ఒక్క పుస్తకం లేదు. దుమ్ము గూడ సక్కగ పరుచుకొని ఉన్నది.

ఏమైనయి అని అడిగితే, బైట ఉన్నయన్నడు. సంగతేందంటే, ఎన్కట ఒక వానకాలం ఆ దుకాన్ కప్పు కురిసిందట. పుస్తకాలు తడుస్తయని తెలిసినోళ్లందరికి తలా ఇన్ని పంచి, మీ ఇండ్లల్ల దాచుండ్రి అని చెప్పిండట. వానలు పోయినంక వాపసు తెద్దామంటే, వాళ్లు అప్పటికే ఒకరి ఇంట్లవి ఒకరు తీస్కపోయి చదువుకుంటున్నరు. ఎవరన్న ఒక పుస్తకం కావాలని దుకాన్‌కు వస్తే, అది ఫలానోళ్ల ఇంట్ల ఉన్నది పో అనుడే కాకా పనైంది. అట్లనే ఒక కట్టుబాటు తయారైంది. కిరాయి లేదు, అనామతు (డిపాజిట్) లేదు. పుస్తకం దుకాన్‌కు రాదు. కావాలన్నోడు అది ఉన్న ఇంటికి పోవాలె. ఆ ఇంటోళ్లు చాయ్ పొయ్యాలె, పుస్తకం గురించి ఒక్క ముచ్చట చెప్పాలె, ఆఖరు మాత్రం చెప్పొద్దు. చాయ్ ఒడిసేదాక లేవొద్దు. తర్వాత ఇంకొకరు తలుపు కొట్టేదాక ఆ పుస్తకం నీ ఇంట్లనే. ఏది యాడున్నదో కాకా నెత్తిలనే ఉంటది. నాకు పుస్తకం కావాలె గని, మనుషుల ఇండ్లకు పోవుడంటే చెమటలు వట్టేది. ఇంత పెద్ద ఊళ్లె దుకాన్లనే ఉన్న పుస్తకం ఒక్కటి లేదా కాకా అని బతిమాలిన. గైడ్లున్నయి, తొమ్మిదో తరగతి లెక్కలు ఇయ్యాల్నా అన్నడు.

నవల కావాలన్న. విడీ ఘర్కుల్ అనే బీడీ పనోళ్ల కాలనీల ఒక బీడీలక్క ఇంట్ల ఎర్రట్ట నవల ఉన్నదని తొవ్వ చెప్పిండు. ఆ కాలనీల ఇండ్లన్నీ అచ్చుపోసినట్టు ఒక్కతీరుగుంటయి. ప్రతి గడప మీద ఒకామె, ఒళ్లె చాట, చాటల తునికాకు, తంబాకు. అడ్రస్ అడిగినకాడల్లా, ఏ ఊరు, ఎవరి పిలగానివి, పెండ్లయిందా అని నన్నే ఎదురు అడిగిన్రు. ఇస్త్రీ అంగీ తొడుక్కొని పోవుడు నా తప్పే. అక్క ఇల్లు చేరేసరికి నా ఎనుక నలుగురు ఆడోళ్లు వచ్చి, పిల్ల ఎవరు అని ఆమెను అడిగిన్రు. పిల్ల లేదు, పుస్తకం కోసం వచ్చిండని చెప్తే ఉత్తగ వాపసు పోయిన్రు. అక్క చాయ్ పోసి, చేతులు బీడీ చుట్టుడు ఆపకుండనే కట్టుబాటు ప్రకారం ఒక్క ముచ్చట చెప్పింది. “దీంట్ల ఒకడున్నడు తమ్మీ. ఊకె బాధపడ్తడు గని అన్నం తినడు. తింటే సగం బాధ పోతది.” నాకు నవ్వొచ్చింది. ఏమన్న బదులు చెప్దామని నోరు తెరిచిన, అలవాటు తప్పి మాట రాలే. తలకాయ ఊపి, చాయ్ తాగి వచ్చిన.

ఎర్రట్టనే గని, మొదటి కాయితం చిరిగిపోయి దానికి పేరు లేదు, రాసినాయన పేరు లేదు. చదువుడు మొదలువెట్టినంక గీతలు కనవడ్డయి. ఊదా రంగు పెన్సిల్‌తోని, కొన్ని మాటల కింద, సన్నగ. ‘ఆమె కిటికీ మూయలేదు.’ దాని కింద ఒక గీత. నాలుగు పేజీలు పోయినంక, ‘అన్నం చల్లారిపోయింది.’ ఇంకొంచెం పోతే, ‘ఈ వేళప్పుడు ఎవరొస్తారు?’ ఈ ఊళ్లె నా అసొంటి మనిషి ఇంకొకరున్నరు. నాకు చెప్పరానిది ఎవరో గీత కొట్టి చెప్తున్నరు. కతల ఏం జరుగుతుందో వదిలేసి గీతల కోసమే పేజీలు తిప్పిన. అనుమానం రావాల్సినయి గూడ ఉండె. ఒకకాడ ‘బండి రెండు గంటలు ఆలస్యం’ అన్నదాని కింద గీత. ఇంకొకకాడ ‘కాబట్టి’ అన్న ఒక్క మాట కింద గీత. ఆ ‘కాబట్టి’ని నేను చాలాసేపు చూసిన. అబ్బ, ఎంత లోతు మనిషి, అనుకున్న.

ఆ మనిషి ఆడపిల్లనే అని ఎవరూ చెప్పకుండనే తేల్చుకున్న. ఊదా రంగు పెన్సిల్ పట్టుకునే మొగోడు ఉంటడా? ఆమెకు పొడుగు జడ పెట్టిన. ఒక కిటికీ పెట్టిన, దాని పక్కన కూసోవెట్టిన. కార్ఖానాల నెమలి గీస్తుంటే నెమలి మెడ ఆమె మెడ అయిపోయి, సేటు వచ్చి చూసి, ఇది నెమలా ఒంటెనా అని అడిగిండు. నోరు తెరవని మనిషిని, అద్దం ముంగట నిలబడి మాటలు వల్లెవేసుకుంటుంటి. ‘మీరు గీసిన గీతలన్నీ నాకు అర్థమైనయి’ అనాల్నా, ‘నేను గూడ అన్నం చల్లగైనంకనే తింట’ అనాల్నా అని.

నెల దాటినంక ఒక ఆదివారం మళ్ల బీడీలక్క కాడికి పోయి, గీతలు మీరా అక్కా అని అడిగిన. నాకు గీతలు గీయడానికి చేతులు యాడ ఖాళీ ఉన్నయి, నేను తెచ్చినప్పుడే ఉన్నయన్నది. యాడికెల్లి తెచ్చిన్రంటే, కుంఠా నాకా అవుతల సాంచాల షెడ్డు ఎనుక జాబరోళ్ల ఇంట్ల అన్నది. సాంచాలు ఆగిపోతే బాగుచేసే పనోణ్ని జాబర్ అంటరు. జాబరోళ్లిల్లు అన్నదంటే జాబర్‌కు బిడ్డ ఉండకపోతదా అని నేనే అనుకున్న, నేనే సంబురపడ్డ.

తలుపు తీసింది బనీను మీద ఉన్న ఒక బక్క ముసలాయన. ఎన్నిసార్లు కడిగినా పోని నూనె నలుపు వేళ్ల గీరల్ల ఉన్నది. లోపలికి చూసిన. ఒక మంచం, ఒక పొయ్యి, ఒక కుర్సీ, గోడకు ఒక ముసలమ్మ ఫోటో. ఆయన తప్ప ఇంకో మనిషి ఉన్న ఆనవాలు లేదు. ఈ పుస్తకం మీ ఇంట్ల ఎవరు చదివిన్రు తాతా అని మెల్లగ అడిగిన. చెవి కాడ చెయ్యి పెట్టిండు. ఇంకొంచెం గట్టిగ అడిగిన. ఇంకా దగ్గరికొచ్చిండు. సాంచాల నడుమ బతుకంత గడిపిన చెవులు. అరిస్తే తప్ప వినరావని అప్పుడు తెలిసింది. ఊళ్లెకు వచ్చినకాడి నుంచి లోపలనే ఉండిపోయిన గొంతంత ఒక్కసారి తీసి, పుస్తకంల మొదటి గీత ఉన్న మాట గల్లీ గల్లీకి వినవడేటట్టు అరిచిన.

“ఆమె కిటికీ మూయలేదు.”

ఎదురింటి కిటికీల ఒకామె బియ్యం ఏరుతుండె. నన్ను కిందికెల్లి మీదికి చూసి, ఠప్పుమని కిటికీ మూసింది. మళ్ల గడపల కనవడి, నా ఖిడ్కీతోని నీకేం పనిరా అని నిలదీసింది. నీ ఖిడ్కీ కాదమ్మా, పుస్తకంల ఖిడ్కీ అని చెప్పిన. ఆమెకు పుస్తకం తెరిచి గీత చూపెట్టినంక గని నమ్మలే. అదే గీత ముసలాయనకు గూడ చూపిచ్చి, ఎవరు గీసిన్రు, ఎందుకు గీసిన్రు అని అరిచిన. ఆయన కండ్లద్దాలు పెట్టుకొని చూసి, తాపీగ చెప్పిండు.

“అది నేను నిద్రవోయిన జాగ, బిడ్డా.”

చదువుకుంట చదువుకుంట కన్ను అంటుకుంటదట. మళ్ల తెరిచేసరికి యాడిదాక వచ్చిండో దొరకదట. అందుకని కన్ను మూతవడే ముందు పెన్సిల్‌తోని ఒక గీత కొట్టుకునుడు అలవాటు. సేటు పాత లెక్కల పెన్సిలట అది, ఊదా రంగు. ‘కాబట్టి’ కాడ గీత కొట్టుడు మొదలువెట్టంగనే కునుకు వడ్డదట. నేను నెల రోజుల సంది ప్రేమించింది ఈయన కునుకుపాట్లను. పుస్తకం తెరిచి మళ్ల చూసుకున్న. సగం నవల కింద గీతలే. ఇంత నిద్రొచ్చే పుస్తకం ఎందుకు చదివినవు తాతా అని, కోపమో ఏడుపో తెల్వని గొంతుతోని అరిచిన. ఆయన గోడ మీది ఫోటో దిక్కు చెయ్యి చూపిచ్చిండు.

“షెడ్డుల సాంచా మోతల నిలబడి గూడ నిద్రవోయేటోణ్ని. ఇంటికొస్తే మా ముసల్దాని గొణుగుడు ఉండేది, అది నాకు వినవడకపోయినా ఉన్నట్టు తెలిసేది. ఇప్పుడు ఏ సప్పుడు లేదు. సప్పుడు లేకుంటె నాకు నిద్ర వడ్తలేదు. పుస్తకంల మనుషులు మాట్లాడుకుంటుంటరు గద. ఆ సప్పుడుకు వడ్తది.”

ఆయన లేచి, చాయ్ పోసిండు. చక్కెర ఎక్కువైంది. తాగేదాక లేవొద్దు గనుక కూసున్న. ఈ మనిషి నా అసొంటోడే అని నేను పుస్తకం తెరిచిననాడే అనుకున్న. ఆ అంచనా తప్పు కాలే. తప్పు వోయింది ఒక్క జడ కాడనే.

ఆయన చూపు తగ్గిందని, నువ్వు చదివిపెడ్తవా అని అడిగిండు. అట్ల నా ఆదివారాలు మొదలైనయి. మధ్యాహ్నం అన్నం తిన్నంక ఆయన మంచం మీద, నేను కుర్సీల. ఆయనకు వినవడాలంటే అరవాలె. ప్రేమ ముచ్చట్లు, చావు ముచ్చట్లు, వెన్నెల వర్ణనలు అన్నీ అరుపులే. రెండు పేజీలు కాకముందే గురక వచ్చేది. నేను గీత కొట్టి పుస్తకం మూసేది. మూస్తే ఎదురింటామెకు కోపం. ఆమె కిటికీ తెరుచుకొని కూసొని వినుడు మొదలువెట్టింది, ఇంకో ఇద్దరిని గూడ పిలుచుకున్నది. ముసలాయన నిద్రవోతే పోనీ, మేం మేలుకొనే ఉన్నం, చదువు అనేది. సరే అని చదివితే, వచ్చే ఆదివారం తాత కోసం మళ్ల గీత కాడికెల్లి చదవాల్సి వచ్చేది. అప్పుడు, ఇది అయిపోయింది గద అని వాళ్లే లొల్లి. తిండి తినని ఆ కతానాయకుణ్ని ఆ గల్లీ ఆడోళ్లు గూడ క్షమించలే. వాడు గిన్నె నూకేసిన ప్రతిసారి ఎదురింటామె వాని తల్లిని యాది చేసుకున్నది. వారం నడుమ కార్ఖానాల కూసొని గూడ, తరువాతి పేజీల వీళ్లు ఏమంటరో అని నవ్వుకునేటోణ్ని. బోనస్ వచ్చింది, పండుగ పోయింది. మూట గట్టుకోవాలన్న సంగతి నాకు యాదికి రాలే.

ఎర్రట్ట నవల అయిపోవస్తుందనంగ ఒక ఆదివారం తలుపు కాడ ఒక పిల్ల నిలబడ్డది. కాలేజీ సంచి, నూనె పెట్టి అల్లిన జడ. నవల ఇప్పుడు ఈ ఇంట్లనే ఉంటున్నదని దుకాన్ కాకా పంపిండట. తాత గురక పెడ్తుండు. కట్టుబాటు ప్రకారం చాయ్ నేనే పొయ్యాలె, ముచ్చట నేనే చెప్పాలె. ఇట్లాంటి గడియ కోసమే కదా అద్దం ముంగట వల్లెవేసుకున్నది. పొయ్యి మీద గిన్నె పెట్టి, నెమ్మదిగ, మర్యాదగ అడుగుదామని నోరు తెరిచిన.

“చక్కెర ఎంత వెయ్యాలె?”

నా నోట్లకెల్లి వచ్చింది షెడ్డు దద్దరిల్లే అరుపు. ఆ ఇంట్ల నోరు తెరిస్తే ఇంకో తీరుగ మాట్లాడుడు నాకు మర్చిపోయి ఉండె. ఆమె ఒక అడుగు వెనుకకు వేసి, నాకు మంచిగనే వినవడ్తదండి అన్నది. సిగ్గుతోని గొంతు తగ్గిచ్చిన. ఎంత తగ్గిచ్చిన్నంటే, ఇప్పుడు పెదవులు తప్ప ఏమీ కదలలే. ఏందండి అన్నది. మళ్ల అరిచిన. అరుపుకు, గుసగుసకు నడుమ మనుషులు మాట్లాడే గొంతు ఒకటుంటదని తెలుసు గని, అది ఆనాడు నాకు చిక్కలే. ఆఖరుకు పుస్తకం గురించి చెప్పాల్సిన ఒక్క ముచ్చట గూడ అరిచే చెప్పిన, “దీంట్ల ఒకడున్నడు, అన్నం తినడు” అని. నన్నే అన్నట్టు జాలిగ చూసింది. కాలే చాయ్ ఊదకుండనే తాగి, గిలాస కడిగి బోర్లించి, నవల సంచిల వేసుకొని పోయింది. ఎదురింటి కిటికీల ముగ్గురు ఆడోళ్లు నెత్తి కొట్టుకున్నరు. లేచినంక తాతకు సంగతి చెప్తే, మంచం పట్టెలు కదిలేటట్టు నవ్విండు. ఆయన నవ్వంగ చూసుడు నాకు అదే మొదలు. నీకు సాంచా నోరు వచ్చింది బిడ్డా, ఇగ కార్ఖానాల నీకు కొలువు పక్కా అన్నడు.

గీతలు చూసి ఆమె ఏమనుకున్నదో, ఎవరని అడగడానికి వస్తదేమోనని కొన్ని ఆదివారాలు ఇస్త్రీ అంగీ తొడుక్కొని కూసున్న. రాలే. ఆమె నాకన్న తెలివిగల్ల మనిషి అయ్యుంటది.

మూడేండ్లకు నాకు ఇచల్‌కరంజి అనే ఇంకో సాంచాల ఊళ్లె మంచి కొలువు దొరికింది. పెండ్లయింది (నా భార్య మెల్లగ మాట్లాడే మనిషి, ఆమె చెప్పేది నాకు రెండోసారి గని వినవడదు). కాకా పోయిండు. దుకాన్ల ఇప్పుడు ఆయన కొడుకు మొబైల్ కవర్లు అమ్ముతడు, అల్మారా నిండ రంగు రంగులవి. పుస్తకాలేవి అని అడిగితే, నాకేం తెలుసు అన్నా, అన్నీ బాబా నెత్తిలనే ఉండె అన్నడు. విడీ ఘర్కుల్ల, పేట్‌ల, ఏ సజ్జల మీదనో ఇంకా ఉన్నయి కావచ్చు, ఎవరన్న వచ్చి తలుపు కొడ్తరని.

జాబర్ తాత మాత్రం ఉన్నడు. లేవలేడు. ఆదివారం మధ్యాహ్నం నేను ఫోన్ చేస్తే ఎదురింటామె బటన్ నొక్కి ఆయన చెవి కాడ పెడ్తది. ఆయన చెప్పేది నాకు సగం అర్థం కాదు, నేను అరిచేది ఆయనకు ఏమీ వినవడదు. అయినా చదువుత. మొన్న చేతికి పుస్తకం అందకపోతే, కొత్త మిక్సీతోని వచ్చిన కాయితం చదివిన. జార్ మూత గట్టిగ బిగించాలె, తడి చేతులతోని ముట్టొద్దు అని, బాల్కనీల నిలబడి, వాడకట్టు వినంగ. రెండో పేరాకే గురక వచ్చింది. ఇంట్లకెల్లి మా ఆమె, ఎవరితోని ఆ కొట్లాట అని అడిగింది. నేను చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగ, నిద్రవోయిండు అన్న. నెత్తి సగం తెల్లవడ్డ మనిషిని, ఫోన్ చెవికి ఆనిచ్చుకొని, ఇంకొంచెంసేపు ఆ గురక ఇనుకుంట అక్కడనే నిలబడ్డ.